పది యాభై రెండుకి మారిన మాట

“నేను కొట్టింది ‘ఉంది’ అనే మేడమ్. ‘లేదు’ అని కొట్టలేదు.”

టైపిస్టు ఈ మాట అనడం అది నాలుగోసారి. అన్న ప్రతిసారీ ఆమె కుడిచేతి వేళ్ళు ఒళ్ళో ఉన్న సంచి మీద టకటకా ఏదో కొట్టి చూసుకుంటున్నాయి. డిటెక్టివ్ ఆమె మొహంవంక చూడడం లేదు, ఆ వేళ్ళవంకే చూస్తోంది.

ఆస్పత్రి సూపరింటెండెంటు ఆఫీసు పక్కన ఇరుకు గది అది. మూడు కుర్చీలున్నా డిటెక్టివ్ కూర్చోలేదు. పెన్ను మూత తీయడం, పెట్టడం, కిటికీ దాకా నడవడం, వెనక్కి రావడం. మూడు పన్నెండయింది. నాలుగు కొట్టగానే టైపిస్టుని జీపెక్కిస్తానని ఇన్‌స్పెక్టర్ చెప్పేశాడు.

మూడో కుర్చీలో టైపిస్టు ఆడపడుచు ఉంది. డిటెక్టివ్‌ని పిలిపించింది ఆవిడే. “మా మరదలు నోటికి అదుపు లేదు గానీ వేలికి తప్పు లేదండీ,” అంది ఫోన్లో. “ఇంట్లో నాతో రోజూ పోట్లాడుతుంది. అయినా చెబుతున్నాను, ఇది అది చేసిన పని కాదు.”

జరిగింది చిన్న విషయంలాగే మొదలైంది. పొద్దున కాలికి ఇనుప ముక్క గుచ్చుకుని ఒక మోటారు మెకానిక్ వచ్చాడు. పెన్సిలిన్ తనకి పడదని తనే చెప్పాడు. డాక్టరు ఆ మాట చీటీ మీద రాశాడు. ఆ చీటీ చూసి టైపిస్టు కేసు షీటు కొట్టింది. ఆ షీటు వార్డుకి వెళ్ళింది. అక్కడ పెద్ద సిస్టర్ పది ఇరవైకి ఇంజెక్షన్ ఇచ్చింది. ఐదు నిమిషాల్లో మెకానిక్ మొహం ఉబ్బి, ఊపిరి ఆగింది. ఇప్పుడు గొంతులో గొట్టంతో ఐసీయూలో ఉన్నాడు. బతుకుతాడో లేదో ఏ డాక్టరూ పైకి చెప్పడం లేదు. పోలీసుల చేతికొచ్చిన షీటు మీద మాత్రం స్పష్టంగా ఉంది: పెన్సిలిన్ అలర్జీ లేదు.

“ఆ లైను ఎలా కొట్టావు? ఒక్కో అక్షరం చెప్పు,” అంది డిటెక్టివ్.

“ప, ఉ. తర్వాత స్పేసు. అంతే.”

“మిగతాది?”

“అదే వచ్చేస్తుంది మేడమ్. రోజుకి అరవై షీట్లు. ప్రతి మాటా కొడుతూ కూర్చుంటే తెల్లారుతుంది. అందుకని షార్ట్‌కట్లు పెట్టుకున్నాను. ‘పఉ’ కొట్టి స్పేసు నొక్కితే ‘పెన్సిలిన్ అలర్జీ ఉంది’ అని పడుతుంది. ‘పలే’ కొడితే ‘లేదు’ అని. మొత్తం ఒక చార్టు రాసి కంప్యూటర్‌కి అంటించాను కూడా.”

“పొరపాటున ‘పలే’ కొట్టి ఉండొచ్చుగా?”

“కొట్టలేదు.”

“నీకెలా తెలుసు? షీటు చదివావా?”

టైపిస్టు వేళ్ళు ఆగాయి. “చదవలేదు. చూశాను.”

“తేడా ఏమిటి?”

“‘ఉంది’ అన్న లైను లావు అక్షరాల్లో పడేట్టు పెట్టుకున్నాను మేడమ్. ‘లేదు’ సన్నగా పడుతుంది. చదవక్కర్లేదు, కంటికే తెలిసిపోతుంది. మెకానిక్ షీటులో లావుగానే పడింది. తొమ్మిదీ పదిహేనుకి ప్రింటు తీశాను. నా చేత్తో ట్రేలో పెట్టాను.”

డిటెక్టివ్ పెన్ను మూత పెట్టింది. ఈసారి తీయలేదు.

“నిన్ను నీ గదిలోంచి ఎప్పుడు పిలిచారు?”

“పది నలభైకి. సూపరింటెండెంటుగారు రమ్మన్నారు. అప్పట్నుంచీ ఇక్కడే ఉన్నాను. మంచినీళ్ళకి కూడా పోనివ్వలేదు.”

“గది తాళం?”

“వెయ్యలేదు. పరిగెత్తుకొచ్చాను.”

ఆడపడుచు లేచి నిలబడింది. “ఇంకా ఎంతసేపండీ? నాలుగవుతోంది.”

“మూడు ఇరవై,” అంది డిటెక్టివ్ అప్పటికే తలుపు తీస్తూ. “మీ మరదలికి నీళ్ళివ్వండి. ఎవరేం కాగితం తెచ్చినా సంతకం పెట్టనివ్వకండి.”

* * *

రికార్డుల గది ముందు ఒక కానిస్టేబుల్ స్టూలు వేసుకుని కూర్చున్నాడు. లోపల టైపిస్టు కుర్చీలో రికార్డుల గుమాస్తా కీబోర్డు మీదికి వంగిపోయి రెండు చూపుడువేళ్ళతో పొడుస్తున్నాడు. పక్కన బీరువాకి ఆనుకుని ఇన్‌స్పెక్టర్ ఉన్నాడు. డిటెక్టివ్‌ని చూడగానే అతని మొహం చేదు మాత్ర మింగినట్టయింది.

అతను డిటెక్టివ్ చెల్లెలి మొగుడు. స్టేషన్లో ఆమెకి ‘పేలదువ్వెన’ అని పేరు పెట్టింది అతనే. ఆమె ఒకసారి దువ్వితే కేసులో ఒక్క ఈరు కూడా మిగలదని వేళాకోళం.

“కందకు లేని దురద కత్తిపీటకెందుకు వదినగారూ?” అన్నాడు. “ఆస్పత్రివాళ్ళే ఒప్పుకున్నారు, టైపిస్టు చేతి తప్పని. మీరొచ్చి ఏం తేలుస్తారు?”

“చేతి తప్పో కాదో చెయ్యి చూశాక చెబుతాను మరిదిగారూ. మీరు షీటు చూశారు. కంప్యూటర్ చూశారా?”

“దాన్ని చూసేదేముంది? అదేమన్నా సాక్ష్యం చెబుతుందా?”

“అడిగితే చెబుతుంది.” ఆమె గుమాస్తా వైపు తిరిగింది. “మీరు ఎప్పట్నుంచి కూర్చున్నారిక్కడ?”

“పదకొండున్నర నుంచండీ. షీట్లు ఆగిపోతే వార్డులు ఆగిపోతాయి కదా. ఇన్‌స్పెక్టరుగారే సరే అన్నారు.”

“ఒక్క నిమిషం లేవండి.”

ఆమె నిలబడే కీబోర్డు మీద చేతులు పెట్టింది. ఈ వృత్తిలోకి రాకముందు పద్దెనిమిదేళ్ళు టైపు నేర్పిన మనిషి. చూపు తెర మీదే ఉంది, వేళ్ళు వాటి పని అవి చూసుకుంటున్నాయి. కొత్త కాగితం తెరిచింది. ప, ఉ కొట్టింది. ఏమీ జరగలేదు.

“చూశారా? పని చెయ్యడమే లేదు,” అన్నాడు ఇన్‌స్పెక్టర్.

“స్పేసు నొక్కేదాకా చెయ్యదు.”

నొక్కింది. రెండక్షరాలూ మాయమై వాటి చోట ఒక వాక్యం పడింది.

పెన్సిలిన్ అలర్జీ లేదు.

గుమాస్తా కళ్ళజోడు తీసి తుడుచుకుని మళ్ళీ పెట్టుకున్నాడు. చార్టులో ‘ఉంది’ అనే ఉంది. తెర మీద ‘లేదు’ అని ఉంది.

ఇన్‌స్పెక్టర్ ముందుగా తేరుకున్నాడు. నవ్వు కూడా వచ్చింది. “ఇంకేం? నా కేసు మీరే గట్టి చేశారు. షార్ట్‌కట్ పెట్టుకున్నది ఎవరు? ఆమే. తప్పుగా పెట్టుకున్నది ఎవరు? ఆమే. చేతి తప్పు కాదు, బుద్ధి తప్పు. అంతే కదా తేడా!”

“తప్పుగా పెట్టుకుని ఉంటే ఇన్నాళ్ళూ ఎంతమంది పోయి ఉండాలి?”

ఆమె ట్రేలోంచి పొద్దుటి షీట్ల కార్బన్ ప్రతుల కట్ట లాగి బల్ల మీద పరిచింది. మెకానిక్ షీటు ప్రతి అందులో లేదు. మిగతావి చకచకా తిప్పింది. ఎనిమిది ఐదు, ఎనిమిది నలభై, తొమ్మిదీ యాభై. అలర్జీ ఉన్న ముగ్గురికీ ఆ లైను లావు అక్షరాల్లో నల్లగా, కాగితంలోంచి పొడుచుకొచ్చినట్టు ఉంది.

“తొమ్మిదీ యాభైకి కూడా షార్ట్‌కట్ సరిగానే ఉంది. మెకానిక్ షీటు తొమ్మిదీ పదిహేనుది. మీ దగ్గరున్నది తియ్యండి.”

ఇన్‌స్పెక్టర్ ఫైలు తెరిచాడు, అయిష్టంగానే. ఆ షీటులో లైను సన్నగా, పక్క లైన్లలో కలిసిపోయి ఉంది.

“ఆమె ‘పలే’ కొడితే సన్నగానే పడుతుందిగా,” అన్నాడు.

“పడుతుంది. అందుకే ఇంకొకటి చూద్దాం.”

ఆమె కూర్చుంది. ఆ రోజు ఆమె కూర్చోవడం అదే మొదలు. ఆటోకరెక్ట్ జాబితా తెరిచింది. ఎడమవైపు పొట్టి మాటలు, కుడివైపు వాటికి బదులు పడే వాక్యాలు, దాదాపు రెండొందలు. అది మూసి, ఆ జాబితా సేవ్ అయి ఉండే ఫైలు ఎక్కడుందో వెతికి పట్టుకుంది. దాని పక్కన చివరిసారి మార్చిన సమయం ఉంది. వేలు పెట్టి చూపించింది.

ఈ రోజు, పది యాభై రెండు.

“ఇంజెక్షన్ ఎన్నింటికి ఇచ్చారు మరిదిగారూ?”

ఇన్‌స్పెక్టర్ ఫైల్లో పేజీ తిప్పాడు.

“పది ఇరవైకి. టైపిస్టు సూపరింటెండెంటు ఎదుట ఎప్పట్నుంచి ఉంది? పది నలభై నుంచి. అంటే మెకానిక్‌కి ఊపిరి ఆగాక అరగంటకి, టైపిస్టు గదిలో లేనప్పుడు, ఎవరో ఈ కుర్చీలో కూర్చుని ‘ఉంది’ని ‘లేదు’ చేశారు. ఇదిగో, మెకానిక్ షీటు కూడా మార్చి మళ్ళీ సేవ్ చేశారు. పది యాభై ఐదు. కొత్త ప్రింటు తీశారు. మీ ఫైల్లో ఉన్నది అదే. అసలు షీటు వేరు.”

“కంప్యూటర్లో గడియారం తప్పుగా ఉండొచ్చు.”

“మీ వాచీ చూసి సరిచూసుకోండి.”

చూసుకున్నాడు. రెండింటిలోనూ మూడు నలభై ఒకటి. అతని చెవులు ఎర్రబడ్డాయి. “మీ కానిస్టేబుల్ ఎప్పుడొచ్చాడు?” అంది ఆమె.

“పదకొండు ఐదుకి.” ఈసారి గొంతులో వెటకారం లేదు. “ఈలోపు ఈ గదిలోకి ఎవరొచ్చారో కనుక్కోవాలి.”

“కనుక్కుందాం. కానీ ముందు...”

ఆ మాట పూర్తి చెయ్యకుండా ఆమె ఠక్కున లేచింది. కుర్చీ వెనక్కి పడింది. కళ్ళు గుమాస్తా మీద ఉన్నాయి.

“మీరు పదకొండున్నర నుంచి కొడుతున్నారు. ఈ చార్టు చూసే కొడుతున్నారు.”

“అవునండీ. ఆ అమ్మాయి ఎలా చేస్తుందో అలాగే...”

“పడింది చదువుతున్నారా?”

గుమాస్తా ప్రింటరు వంక చూశాడు. “నేను కీబోర్డు చూస్తూ కొడతానండీ. పైకి చూస్తే అక్షరం దొరకదు. ప్రింటు తీసి పంపించేస్తున్నాను.”

“‘పఉ’ ఎన్నిసార్లు కొట్టారు?”

“రెండు... రెండు సార్లు. ఒకావిడ మధ్యాహ్నమే డిశ్చార్జి అయిపోయింది, మందులేం రాయలేదు. రెండో ఆవిడ ఆడవాళ్ళ వార్డులో ఉంది. బెడ్డు పద్నాలుగు. చెయ్యి కోసుకుని వచ్చింది. చీము పట్టిందని డాక్టరుగారు ఇంజెక్షన్ రాశారు. నాలుగింటికి.”

* * *

లిఫ్టు పైన ఉండిపోయింది. మెట్లు రెండేసి ఎక్కారు. ఇన్‌స్పెక్టర్ వార్డుకి ఫోన్ చేస్తూనే ఉన్నాడు, ఎవరూ ఎత్తడం లేదు. రెండో అంతస్తు మలుపులో డిటెక్టివ్ మోకాలు పట్టేసింది. మెట్ల రెయిలింగు పట్టుకుని కుంటుతూనే ఎక్కింది. మూడు యాభై రెండు.

వార్డు తలుపు దగ్గర పెద్ద సిస్టర్ ఎదురైంది. తెల్ల చీర మీద మడత కూడా చెదరలేదు గానీ కళ్ళ కింద నల్లగా ఉంది. మధ్యాహ్నమంతా ఐసీయూలో మెకానిక్ మంచం పక్కనే నిలబడి, అప్పుడే కిందికి దిగి వచ్చింది. మగవాళ్ళ వార్డూ, ఆడవాళ్ళ వార్డూ చూసుకునేది ఆవిడే. ఇరవై ఆరేళ్ళ సర్వీసు. ఆ ఆస్పత్రిలో సగం మంది డాక్టర్లకి సూది పట్టుకోవడం నేర్పింది ఆవిడే అంటారు.

“మెల్లిగా అమ్మా. పేషెంట్లున్నారు,” అంది.

డిటెక్టివ్‌కి ఊపిరి అందడం లేదు. ఎగశ్వాసలో ఒక్క ముక్క మాత్రం వచ్చింది.

“షీట్లు... పదకొండున్నర నుంచీ షీట్లు ఆ కంప్యూటర్ మీదే కొడుతున్నారు.”

అంతే అంది. ఏ కంప్యూటరో చెప్పలేదు. అలర్జీ మాట ఎత్తలేదు. బెడ్డు నంబరు చెప్పలేదు.

పెద్ద సిస్టర్ మొహంలో రక్తం అంతా ఒక్కసారి ఎవరో తోడేసినట్టు దిగిపోయింది. ఆవిడ గిరుక్కున తిరిగి పరిగెత్తింది. మంచాల మధ్యనుంచి, ట్రాలీని తోసుకుంటూ. చివరి మంచం దగ్గర ఒక నర్సు సిరంజిలోని గాలి బుడగ తీస్తోంది. మంచం మీద ఉన్నావిడ చెయ్యి చాపి మొహం పక్కకి తిప్పుకుంది.

“ఆపు!”

సిరంజి నేలమీద పడి దొర్లింది. నర్సు బిత్తరపోయింది. “షీటులో లేదనే ఉంది సిస్టర్! చూసుకునే...”

“షీటు నమ్మకు.” పెద్ద సిస్టర్ మంచం పట్టీ పట్టుకుని వంగింది. “ఏమ్మా, పెన్సిలిన్ పడుతుందా నీకు?”

“పడదని పొద్దుటే చెప్పానండీ,” అంది మంచం మీదావిడ భయంగా. “చిన్నప్పుడు చచ్చి బతికాను.”

ఇన్‌స్పెక్టర్ వార్డు మధ్యలోనే ఆగిపోయాడు. షీటు నమ్మొద్దని ఆవిడకి ఇంకా ఎవరూ చెప్పనే లేదు.

కాసేపటికి పెద్ద సిస్టర్ చీర కుచ్చిళ్ళ దగ్గర దోపుకున్న కాగితం ఒకటి తీసింది. నాలుగు మడతలు పెట్టి ఉంది. డిటెక్టివ్‌కి ఇవ్వబోయి ఇన్‌స్పెక్టర్‌కి ఇచ్చింది. మెకానిక్ షీటు. తొమ్మిదీ పదిహేను. పెన్సిలిన్ అలర్జీ ఉంది అని లావుగా, గుడ్డివాడికి కూడా తగిలేంత లావుగా ఉంది.

“చింపడానికి చెయ్యి రాలేదు,” అంది. “పొద్దున ఏడుగురు కొత్త పేషెంట్లు. ఇద్దరు నర్సులు సెలవు. పక్క మంచం షీటు చూసి ఇతనికి పొడిచేశాను. ఇరవై ఆరేళ్ళలో ఒక్కసారి.”

“అందుకని ఆ పిల్లని జైలుకి పంపుతారా?” ఇన్‌స్పెక్టర్ అరిచాడు. ఆ కోపంలో సగం తన మీదే.

“లేదు నాయనా! ఆ పిల్ల మీదికి రాకూడదనే కదా చేశాను.” ఆవిడ మళ్ళీ మంచం పట్టీ పట్టుకుంది. “షీటు ఒక్కటే మారిస్తే టైపిస్టుని పట్టుకుంటారు. కంప్యూటరే చెడిపోయిందంటే ఎవరికీ ఏమీ కాదనుకున్నాను. షార్ట్‌కట్ ఎలా మార్చాలో ఆ పిల్లే ఒకసారి నాకు చూపించింది. మెషీన్ని ఎవరూ జైల్లో పెట్టరు కదా. మీరు మెషీన్ని చూస్తారనుకున్నాను. మీరేమో దాన్ని ముట్టుకోకుండా ఆ పిల్లని పట్టుకున్నారు. మళ్ళీ వెళ్ళి మార్చేద్దామంటే గుమ్మంలో పోలీసు. గది మూసేశారేమో, వాడడం లేదేమో అనుకున్నాను.”

ఇన్‌స్పెక్టర్ షీటుని ఫైల్లో పెట్టుకున్నాడు. ఫోన్ తీసి కిందికి చెప్పాడు. “టైపిస్టుని వదిలెయ్యండి. ఆఁ, ఇప్పుడే. క్షమాపణ నేనొచ్చి చెబుతాను.” తర్వాత డిటెక్టివ్‌వంక చూడకుండా అన్నాడు. “మీ చెల్లెలికి ఈ సంగతి చెప్పకండి వదినగారూ. నెల రోజులు దెప్పుతుంది.”

డిటెక్టివ్ నవ్వలేదు. ఆమె కాలు మళ్ళీ ఆడడం మొదలైంది. పెన్ను మూత తీస్తోంది, పెడుతోంది. ఏదో కుదరడం లేదు.

“సిస్టర్,” అంది. “మెషీన్ చెడిందని నమ్మించాలంటే ఒక్క మాట మారితే చాలదు. సరిగ్గా ఆ ఒక్క మాటే మారితే ఎవరికైనా అనుమానం వస్తుంది. మీరు తెలివిగలవారు.”

పెద్ద సిస్టర్ కళ్ళు మూసుకుంది.

“ఇంకేం మార్చారు?”

“ఇంకొక్కటే. ఎవరు చూసినా ఇది పిచ్చి తప్పని వెంటనే పట్టేసుకునేదే మార్చాను. చూడగానే నవ్వొచ్చేంత తప్పు.”

“ఏది?”

“‘అమా’. అర మాత్ర.” పెదవులు తడుపుకుంది. “ఆరు మాత్రలు చేశాను.”

ఇన్‌స్పెక్టర్ అప్పటికే రికార్డుల గదికి ఫోన్ కలిపాడు. అందరికీ వినిపించేలా పెట్టాడు. గుమాస్తా గొంతు బావిలోంచి వచ్చినట్టు వచ్చింది. ‘అమా’ ఒక్కసారే కొట్టాడట. గుండె జబ్బుతో పడుకుని లేచిన ఒక కుట్టుపనావిడకి. రెండింటికి డిశ్చార్జి. మాత్రలు ఆస్పత్రిలోనే ఇచ్చి పంపించారు, నెలకి సరిపడా. రోజూ సాయంత్రం నాలుగింటికి వేసుకోవాలి.

“నంబరు చెప్పు! ఇంటి అడ్రసు కూడా!”

వార్డు గోడ మీద గడియారం నాలుగూ నాలుగు చూపిస్తోంది. అవతల ఫోన్ మోగుతోంది. ఐదుసార్లు. ఆరుసార్లు. మంచాల మీద పేషెంట్లు కూడా లేచి కూర్చున్నారు. ఏడోసారికి ఒక మగ గొంతు ఎత్తింది, తీరిగ్గా.

“హలో?”

“ఆస్పత్రి నుంచి,” అంది డిటెక్టివ్. “మీ ఆవిడ మాత్రలు వేసుకున్నారా?”

“వేసుకుంటోందండీ. ఇన్నెందుకని ఒకటే గొణుగుడు. డాక్టర్లు ఊరికే రాస్తారా, నోరు మూసుకుని వేసుకో అన్నాను.”

“ఎన్ని వేసుకున్నారు?”

అతను వెనక్కి తిరిగి అడగడం వినిపించింది. స్టీలు గ్లాసు బల్ల మీద పెట్టిన చప్పుడు వినిపించింది.

“నాలుగయ్యాయిటండీ,” అన్నాడు. “ఇంకా రెండు చేతిలో ఉన్నాయి. ఏమండీ? ఎందుకు అలా అరుస్తున్నారు? ఏమిటే, ఏమయింది నీకు? ఏమే!”

అవతల ఫోన్ నేలమీద పడింది. పెద్ద సిస్టర్ ఎవరినీ అడగకుండా మందుల బీరువా తెరిచి, ఎమర్జెన్సీ పెట్టె చంకన పెట్టుకుని మెట్లవైపు పరుగు తీసింది. ఇన్‌స్పెక్టర్ ఆమెని ఆపలేదు. జీపు తాళాలు జేబులోంచి తీస్తూ ఆమె వెనకే దిగాడు.